కన్నీళ్ళకి "యూజర్ ఎర్రర్" అని జవాబిస్తే ఎలా?

మనలో ప్రొడక్షన్ సపోర్ట్ చేసినవాళ్ళకి ఈ సంగతి బాగా తెలుసు. అర్ధరాత్రి టికెట్ వస్తుంది. లాగ్స్ తవ్వే ఓపిక ఉండదు. అప్పుడు చేతికందే సులువైన జవాబు ఒకటుంది, "యూజర్ ఎర్రర్". సిస్టంలో తప్పేమీ లేదు, వాడేవాడికే వాడటం రాలేదు, టికెట్ క్లోజ్. నిజంగా యూజర్ తప్పే అయిన సందర్భాలు లేకపోలేదు. కానీ ఒకే రకం మనుషుల నుంచి, నూటయాభై ఏళ్ళుగా, ఒకే టికెట్ వస్తుంటే? దాన్ని కూడా ప్రతిసారీ యూజర్ ఎర్రర్ అని మూసేసేవాణ్ణి మనం ఇంజనీర్ అనం.

నేను వింటున్న క్రైస్తవ ప్రసంగాల్లో చాలావాటి మీద నా ఫిర్యాదు సరిగ్గా ఇదే.

ముందే చెప్పేస్తాను, నేను బయటినుంచి రాళ్ళు వెయ్యడానికి రాయట్లేదు. మాది ప్రకాశం జిల్లా, బాప్టిస్టు కుటుంబం. ఊళ్ళో మా ఇంటికి గుర్తు చర్చే. ఆ చర్చి ఏ పల్లెలో ఉందో చెబితే మా కులం కూడా తెలిసిపోతుంది, అది వేరే సంగతి. నాయనమ్మ ఒళ్ళో కూర్చుని వాక్యం విన్నవాణ్ణి. ఇంజనీరింగ్ అయ్యాక హైదరాబాద్ వచ్చి కోడ్ రాసుకుంటూ బతుకుతున్నాను. ఇప్పటికీ ఆదివారం చర్చికి వెళ్తాను. అందుకే ఈ బాధ.

అసలు విషయానికొస్తే, ఇప్పుడు మనకి వినబడే ప్రసంగం ఎలా ఉంటోంది? హైదరాబాద్‌లో ఐటీ కంపెనీలున్న వైపు ఫంక్షన్ హాళ్ళలో జరిగే ఆరాధనలు మీలో కొందరు చూసే ఉంటారు. ఎల్ఈడీ స్క్రీన్, డ్రమ్స్, కీబోర్డ్, బయట కార్లు. సాక్ష్యం చెప్పేవాళ్ళు మనలాంటివాళ్ళే. వీసా స్టాంపింగ్ అయింది, ఆన్‌సైట్ వచ్చింది, లేఆఫ్ లిస్టులో నా పేరు లేదు, దేవునికి స్తోత్రం. మంచిదే, సంతోషమే. కానీ ఆ లిస్టులో పేరున్నవాడు కూడా మోకాళ్ళ మీద ప్రార్థన చేసే ఉంటాడు కదా? వాడి సంగతేంటి? వాడికి ఆ స్టేజీ మీద మైకు ఎవరూ ఇవ్వరు.

ఊళ్ళల్లో ఇదే కథ స్వస్థత కూటాల రూపంలో ఉంటుంది. నయమైతే దేవుడి మహిమ. నయం కాకపోతే? విశ్వాసం చాల్లేదు. ఒప్పుకోని పాపం ఏదో ఉంది. దశమభాగం సరిగ్గా ఇవ్వట్లేదు. గమనించారా, ఏ దారిలో వెళ్ళినా తప్పు వచ్చి బాధపడేవాడి నెత్తి మీదే పడుతుంది. ఈ లాజిక్‌లో ఎల్స్ బ్రాంచ్ ఎప్పుడూ యూజర్ వైపే వెళ్తుంది.

2021 మే నెలలో మా బాబాయి పోయాడు. ఆక్సిజన్ బెడ్ కోసం మూడు ఆస్పత్రులు తిరిగారు, నాలుగో చోట దొరికేసరికి ఆలస్యమైపోయింది. తర్వాత ఆదరణ కూడికలో మాట్లాడటానికి వచ్చిన ఒక ప్రసంగీకుడు, ఈ కుటుంబం ప్రార్థనలో మెలకువగా ఉండి ఉంటే దేవుడు వేరేలా చేసేవాడన్నట్టు మాట్లాడాడు. పిన్ని తల దించుకుని కూర్చుంది. ఆస్పత్రిలో బెడ్లు ఎన్ని ఉన్నాయి, ఎన్ని ఉండాలి, ఎందుకు లేవు అనే మాట ఆ గంటసేపట్లో ఒక్కసారి కూడా రాలేదు. భర్త పోయిన దుఃఖం పిన్నికి ఎలాగూ తప్పదు. దాని మీద "నా ప్రార్థనే చాల్లేదేమో" అనే బరువు కూడా ఎందుకు పెట్టాలి? ఆ బరువు ఆవిడ ఇవాళ్టికీ మోస్తోంది.

ఇక్కడ ఒక మాట. అందరూ అలాంటివాళ్ళు కాదు. మా ఊరి అయ్యగారు నెలకి ఎంత వస్తుందో తెలియని బతుకు బతుకుతూ, అర్ధరాత్రి ఫోన్ చేసినా లేచొచ్చి ఆస్పత్రి వరండాలో మనతో పాటు కూర్చునే మనిషి. ఆయన ప్రసంగం పది నిమిషాలే, కానీ ఆయన ఉనికే సగం ప్రసంగం. నా గొడవ అలాంటివాళ్ళతో కాదు. వాళ్ళు కూడా పెద్ద మైకుల భాష నేర్చుకుంటున్నారే అన్నదే నా దిగులు.

బాధ సంగతి అలా ఉంచి, ఇక చీలిక సంగతి చూద్దాం. క్రీస్తులో భేదం లేదని ఏ చర్చిలోనైనా చెబుతారు. అదే చర్చిలోవాళ్ళు పెళ్ళి సంబంధం కోసం మ్యాట్రిమోనీ సైట్‌లో ప్రొఫైల్ పెట్టేటప్పుడు ఏం రాస్తారో చూడండి. క్రిస్టియన్ మాల, క్రిస్టియన్ మాదిగ, క్రిస్టియన్ కమ్మ, క్రిస్టియన్ రెడ్డి. అంటే భేదం ఉంది, అందరికీ తెలుసు, ప్రసంగానికి మాత్రం తెలియదు. మిషన్లు వచ్చిన కాలం నుంచీ ఒంగోలు చుట్టుపక్కల బాప్టిస్టుల్లో మాదిగలు, గుంటూరు వైపు లూథరన్లలో మాలలు ఎక్కువ. 1994లో మాదిగ దండోరా ఉద్యమం పుట్టిన ఈదుమూడి మా జిల్లాదే. వర్గీకరణ మీద ముప్పై ఏళ్ళు గొడవ నడిచి, 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు రాష్ట్రాలు వర్గీకరణ చేసుకోవచ్చని తీర్పిచ్చింది. ఒకే బైబిలు చదివే రెండు పల్లెలు ఇన్నేళ్ళు ఎదురెదురుగా నిలబడి ఉంటే, ఆ సంగతి మీద దేవుడేమంటాడో చెప్పే ప్రసంగం నేనైతే ఒక్కటీ వినలేదు. మీరు విని ఉంటే మీరు అదృష్టవంతులు.

అంతకన్నా పెద్ద మౌనం ఇంకోటుంది. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపి, శవాల్ని గోనెసంచుల్లో కుక్కి నీళ్ళలో పడేశారు. ఆ చనిపోయినవాళ్ళ జాబితాలు చూస్తే వాటిలో మోషేలు, ఇమ్మానుయేలులు కనిపిస్తారు. అంటే బాప్తిస్మం తీసుకుని, పిల్లలకి బైబిల్లోంచి పేర్లు పెట్టుకున్న ఇళ్ళు. కారంచేడు కేసులో ప్రధాన నిందితుడికి యావజ్జీవం ఖాయమైంది 2008లో, అంటే ఘటన జరిగిన ఇరవై మూడేళ్ళకి. చుండూరు కేసులో 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేస్తే, 2014లో హైకోర్టు నిందితులందర్నీ నిర్దోషులుగా వదిలేసింది. మరి గుడ్ ఫ్రైడే రోజున, అన్యాయంగా చంపబడ్డవాడి గురించి మూడు గంటలు మాట్లాడే మనం, మన పక్క ఊళ్ళోనే అన్యాయంగా చంపబడ్డవాళ్ళ గురించి ఎన్ని నిమిషాలు మాట్లాడాం?

"చర్చి ఆత్మల సంగతి చూసుకోవాలి, సమాజం సంగతి కాదు" అనేవాళ్ళుంటారు. సరే, మన చర్చి అసలు ఎలా పుట్టిందో ఒకసారి చూద్దాం.

1866లో జాన్ ఎవరెట్ క్లౌ అనే అమెరికన్ మిషనరీ ఒంగోలు వచ్చాడు. అంతకుముందు అమెరికాలో సర్వేయర్‌గా పనిచేసినవాడు, అంటే ఒక రకంగా మన ఇంజనీర్ల బాపతే. మొదట్లో పై కులాలవాళ్ళు ఆయన దగ్గరికి వస్తుండేవాళ్ళు. ఈలోగా యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ వెతుక్కుంటూ వచ్చి బాప్తిస్మం తీసుకున్నాడు. తోళ్ళ వ్యాపారం చేసేవాడు, తనవాళ్ళలో మాట చెల్లుబడి ఉన్న మనిషి. దాంతో మాదిగలు రావడం మొదలైంది. పై కులాలవాళ్ళు అడ్డం తిరిగారు. వాళ్ళని చేర్చుకుంటే మేం రాము అన్నారు. అప్పుడు క్లౌ, ఆయన భార్య వేర్వేరు గదుల్లో బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే చోటు తగిలిందని ఆయన జ్ఞాపకాల్లో ఉంది. కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో, దేవుడు గొప్పింటివాళ్ళని కాకుండా లోకం లెక్కచెయ్యనివాళ్ళని ఎన్నుకున్నాడని చెప్పే చోటు. దాన్ని అద్భుతం అనుకుంటారో యాదృచ్ఛికం అనుకుంటారో మీ ఇష్టం. నాకు ముఖ్యమైంది ఆ తర్వాత తీసుకున్న నిర్ణయం. మాదిగల్ని చేర్చుకున్నారు, మిగతావాళ్ళు వెళ్ళిపోయారు.

కొత్తగా చేరినవాళ్ళకి మూడు కట్టుబాట్లు పెట్టారు. ఆదివారం పని చెయ్యొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాల్ని పూజించొద్దు. ఇప్పుడు వింటే మామూలు మతనియమాల్లా ఉంటాయి. కానీ 1860ల్లో ఊరి వెట్టి చేసే మనిషి "ఇవాళ ఆదివారం, నేను రాను" అన్నాడంటే అదేంటో ఆలోచించండి. జాతరలో డప్పు కొట్టను అన్నాడంటే అదేంటో ఆలోచించండి. కరణాలకి, మునసబులకి అర్థమైంది. అందుకే బావుల దగ్గరికి రానివ్వలేదు, పని ఎక్కువ చేసి పీడించారు. ఏ ఊళ్ళోనూ మనిషిగా లెక్కలో లేనివాడికి, నీ పేరు దేవుడికి తెలుసు అని చెప్పిన ప్రసంగం అది. వాడు నడుం నిటారుగా నిలబెట్టాడు. ఊరు ఉలిక్కిపడింది.

తర్వాత 1876-78 నాటి పెద్ద కరువు వచ్చింది. కరువు పని కింద బకింగ్‌హాం కాలువ తవ్విస్తున్నారు. వేరే కాంట్రాక్టర్ల కింద మాదిగలకి సరైన న్యాయం జరగట్లేదని క్లౌ మూడున్నర మైళ్ళ కాలువ తవ్వకం తనే కాంట్రాక్ట్ తీసుకున్నాడు. బోధకులే మేస్త్రీలు. పగలు మట్టి, కూలి. పని ఆగినప్పుడు, కూర్చున్న చోటే వాక్యం. ఆకలితో ఉన్నవాడికి "నీ విశ్వాసం చాల్లేదు" అని చెప్పలేదు, పార ఇచ్చి కూలి ఇచ్చారు. ఇంకో ముఖ్యమైన సంగతి, కరువు సాయం నడుస్తున్నంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. తిండి కోసం మతం మారారనే మాట పడకూడదని. సాయం ముగిశాక, 1878 జులై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున నీళ్ళలో దిగి ఇచ్చారట. "బియ్యం కోసం మారారు" అని ఎగతాళి చేసేవాళ్ళు ఈ తేదీల క్రమం ఒకసారి చూసుకుంటే బావుంటుంది.

క్లౌని దేవుణ్ణి చెయ్యడం నా ఉద్దేశం కాదు. ఆయన దొరే, దొరతనం ఉంది. కులాన్ని ఆయన పోగొట్టలేదు, చేరినవాళ్ళు ఎక్కువగా ఒకే కులంవాళ్ళు కావడంతో చర్చి కూడా పల్లెలానే మిగిలిపోయింది. అన్నట్టు, ఆయన జ్ఞాపకాల్ని 1914లో పుస్తకంగా తెచ్చింది ఆయన రెండో భార్య ఎమ్మా. ఆవిడ అమెరికాలో సామాజిక సువార్త ఉద్యమానికి పెద్ద దిక్కైన వాల్టర్ రౌషెన్‌బుష్‌కి స్వయానా అక్క. సువార్తకి సమాజంతో పని లేదని మనం ఇవాళ అంటున్నాం గానీ, ఆ ఆలోచన చుట్టరికం ఒంగోలు దాకా ఉంది.

పోనీ బైబిలైనా యూజర్ ఎర్రర్ సిద్ధాంతాన్ని ఒప్పుకుంటుందా? నాకైతే అలా కనిపించట్లేదు. యోబు గ్రంథం మొత్తం ఈ గొడవే. అన్నీ పోగొట్టుకుని బూడిదలో కూర్చున్నవాడి దగ్గరికి స్నేహితులు వచ్చి, నువ్వేదో పాపం చేసే ఉంటావు అని అధ్యాయాలకి అధ్యాయాలు ఉపన్యాసం దంచుతారు. చివర్లో దేవుడు కోప్పడేది యోబు స్నేహితుల మీద. తన గురించి వాళ్ళు సరిగ్గా మాట్లాడలేదంటాడు. యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయంలో పుట్టుగుడ్డివాణ్ణి చూసి, పాపం వీడిదా వీడి తల్లిదండ్రులదా అని శిష్యులు అడిగితే, యేసు రెండూ కాదంటాడు. లూకా పదమూడులో సిలోయములో గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోయిన సంగతి వస్తుంది. వాళ్ళేమీ మిగతావాళ్ళకన్నా ఎక్కువ పాపులు కాదని యేసు తేల్చి చెబుతాడు, మారుమనస్సు అందరికీ కావాలంటాడు. ఇక నిర్గమకాండం చూడండి. ఇటుకలు కోస్తూ మూలుగుతున్న బానిసలతో దేవుడు ముందు మీరు పశ్చాత్తాపపడండి అనలేదు. మోషేని ఫరో దగ్గరికి పంపాడు. అంటే టికెట్ కరెక్ట్ టీంకి అసైన్ చేశాడు :)

పాపం గురించి చెప్పొద్దని నేననట్లేదు. తాగి భార్యని కొట్టేవాడికి పాపం గురించి చెప్పాల్సిందే. లంచం తినేవాడికీ చెప్పాల్సిందే. నా ప్రశ్నల్లా, ఎవరి పాపం గురించి ఎవరికి చెబుతున్నాం అని. కూలి ఎగ్గొట్టినవాడి పాపాన్ని వదిలేసి, కూలి పోగొట్టుకున్నవాడి విశ్వాసాన్ని కొలుస్తుంటే ఆ త్రాసులోనే ఏదో తేడా ఉంది.

ఈ మాట నాకన్నా చాలా ముందు, చాలా గట్టిగా అన్నవాడు అంబేద్కర్. క్రైస్తవంలోకి మారిన అంటరానివాళ్ళ స్థితి గురించి ఆయన రాసిన వ్యాసం ఉంది, ఆయన చనిపోయిన చాలా ఏళ్ళకి రచనల సంపుటాల్లో వచ్చింది. దాని సారాంశం నా మాటల్లో చెబుతాను. అంటరానివాడు హిందువుగా ఉన్నప్పుడు నీ పతనానికి నీ కర్మ కారణమని విన్నాడు. క్రైస్తవుడయ్యాక నీ పాపం కారణమని విన్నాడు. కారణం తన చుట్టూ ఉన్న సమాజంలో ఉందని రెండు చోట్లా ఎవరూ చెప్పలేదు. అలాంటప్పుడు వాడు సమాజాన్ని మార్చడానికి ఎందుకు లేస్తాడు? క్రైస్తవుల్ని ఆయన చిన్నచూపు చూసి అన్న మాట కాదిది. వాళ్ళ స్కూళ్ళ గురించి, ఆస్పత్రుల గురించి మంచే చెప్పాడు. కానీ బోధలో ఉన్న ఈ బగ్‌ని పట్టుకున్నాడు. మనం ఫిక్స్ చెయ్యలేదు, అంతే.

దీనివల్ల ఇవాళ ఎంత నష్టమో చూడండి. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులకీ, 1990లో బౌద్ధులకీ ఇచ్చారు. క్రైస్తవుల్లోకి మారిన దళితులకి లేదు, మన దగ్గర వాళ్ళు బీసీ-సీ కింద 1 శాతంలో ఉన్నారు. ఇవ్వాలని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ సిఫార్సు చేసింది. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టర్ కేసులో, మతం మారినవాడికి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ వర్తించదంది. క్రైస్తవంలో కులం లేదు కదా అన్నదే ఈ వాదనల వెనకున్న లెక్క.

దీనికి చర్చి పెద్దలు ఢిల్లీలో ఏమంటారు? మతం మారినా కులం పోలేదు, చర్చిలో కూడా వివక్ష ఉంది, కాబట్టి హోదా ఇవ్వండి అంటారు. ప్రతి ఆగస్టు 10న బ్లాక్ డే కూడా పాటిస్తారు. న్యాయమైన మాటే, నేనూ ఆ డిమాండ్‌తో ఉన్నాను. కానీ అదే పెద్దలు ఆదివారం మైకు దగ్గరికి వచ్చేసరికి, మనలో కులం లేదు, దేవునికి స్తోత్రం అంటారు. కోర్టులో వేసే అఫిడవిట్ ఒకటి, చర్చిలో చెప్పే వాక్యం ఇంకోటి. రెండూ ఒకేసారి నిజం కాలేవు. మన కేసుని మన ప్రసంగమే బలహీనం చేస్తోందని నాకనిపిస్తుంది.

ఇక నాకు రాబోయే అభ్యంతరాలు నాకు తెలుసు.

"ఇప్పటికే బయటివాళ్ళు మనమీద పడుతున్నారు, మన ఇంటి గొడవ వీధిలో పెడతావా?" దాడుల భయం నిజమే, కాదనను. కానీ ఆదివారం వచ్చే ఆఖరి బెంచీ మనిషికి ఈ గొడవ కొత్త కాదు, వాడు రోజూ బతికేదే అది. మనం మాట్లాడకపోతే తెలియనట్టు నటించేది మనమే.

"ప్రసంగంలో రాజకీయాలొద్దు." ఎన్నికల ముందు వేదికెక్కి ఆశీర్వాదం తీసుకునే అభ్యర్థుల్ని మనం ఆపుతున్నామా? ఫలానా పార్టీకి ఓటెయ్యమనడం నేనూ కోరట్లేదు. బావి దగ్గర ఎవరు ఎవర్ని ఆపుతున్నారో చెప్పమంటున్నాను.

"కష్టాల్లో ఉన్నవాళ్ళకి ఓదార్పు కావాలి, నీ సోషియాలజీ కాదు." ఈ మాటకి మాత్రం నేను తలొగ్గుతాను, సగం. ఓదార్పు కావాలి. మా పిన్నికీ అదే కావాలి. "ఇది నీ తప్పు కాదమ్మా" అన్న ఒక్క మాట ఆవిడకి ఎంత ఓదార్పయ్యేదో! తప్పు ఎక్కడుందో సరిగ్గా చెప్పడం ఓదార్పుకి అడ్డం కాదు, చాలాసార్లు అదే ఓదార్పు.

మార్పు అసాధ్యమని కూడా నేననుకోను. 2022 ఆగస్టులో హైదరాబాద్ ఆర్చ్‌బిషప్ పూల ఆంథోనీ గారు కార్డినల్ అయ్యారు. తెలుగువాళ్ళలో మొదటివారు, దళితుల్లో మొదటివారు. కుర్చీ ఒకటి మారితే అన్నీ మారవు గానీ, ఆ కుర్చీ మారడానికి ఎన్ని శతాబ్దాలు పట్టిందో గుర్తుంటే చాలు.

ఏతావాతా నేను అడిగేది చిన్నది. వచ్చే ఆదివారం ప్రసంగం వినేటప్పుడు మూడు సంగతులు గమనించండి. బాధపడేవాడి గురించి మాట్లాడినప్పుడు తప్పు ఎవరి మీద పడింది? ఆ బాధ వల్ల లాభపడేవాడి పేరు, కనీసం వాడి పని పేరు, ఒక్కసారైనా వచ్చిందా? చర్చిలోంచి బయటికొచ్చాక సోమవారం పొద్దున ఊళ్ళో గానీ, ఆఫీసులో గానీ, పెళ్ళి సంబంధం దగ్గర గానీ చెయ్యడానికి ఏదైనా మిగిలిందా? మూడింటికీ జవాబు సరిగ్గా లేకపోతే, గుమ్మం దగ్గర చెయ్యి కలిపేటప్పుడు అయ్యగార్ని మర్యాదగా అడగండి. నేను అడుగుతున్నాను. ఒకాయన ముఖం చిట్లించారు. ఇంకొకాయన మాత్రం, "వచ్చే వారం యోబు మీద చెబుతాను, నువ్వు తప్పకుండా రా బాబూ" అన్నారు. వెళ్తున్నాను.